అమెరికా తొలినాటి సైనిక చెకుముకి పిస్తోళ్ల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ప్రభుత్వం 1799 నుంచి 1840ల మధ్య దాకా తన సైన్యానికి, నౌకాదళానికి చేయించుకున్న చెకుముకి పిస్తోళ్లను సేకరించాలనుకునే తెలుగువారి కోసం ఈ పేజీ. అమెరికాలో ఉంటూ ఈ అభిరుచిలోకి వస్తున్నవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో నా అభిప్రాయాలు కూడా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ముందే చెబుతాను: ఈ వస్తువుల విలువ వాటి మెరుపులో లేదు, ఎవరూ చెయ్యి పెట్టి మార్చకపోవడంలో ఉంది.

చెకుముకి పిస్తోలు ఎలా పేలుతుంది?

పిస్తోలు కుడి పక్కన ఇనుప పలక మీద బిగించిన యంత్రం ఉంటుంది. దాన్ని లాక్ అంటారు. అందులో కాక్ అనే భాగం దవడల మధ్య చెకుముకి రాయిని పట్టుకుంటుంది. రాయి జారిపోకుండా దాని చుట్టూ తోలు ముక్కో సీసపు రేకో చుడతారు. ట్రిగ్గర్ నొక్కగానే కాక్ ముందుకు పడి, నిలువుగా నిలబడిన ఉక్కు పలకను రాయితో గీస్తుంది. ఈ పలక పేరు ఫ్రిజెన్. ఆ దెబ్బకు ఫ్రిజెన్ ముందుకు తెరుచుకుని, కింద పాన్ అనే చిన్న గిన్నెలో ఉన్న రంజకం మీద నిప్పురవ్వలు పడతాయి. రంజకం అంటే నిప్పు అంటుకోవడానికి వేసే మెత్తటి తుపాకీ మందు. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని నిప్పు రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరగాలి. వాన పడినా, రాయి అరిగినా, రంధ్రం మూసుకున్నా జరగదు.

కొనేటప్పుడు మీరు పరిశీలించాల్సిన భాగాలు సరిగ్గా ఇవే: కాక్, ఫ్రిజెన్, పాన్, నిప్పు రంధ్రం. అందుకే యంత్రం పని తీరు ముందుగా తెలియాలి.

‘సైనిక’ పిస్తోలు అని దేన్ని అంటారు?

ఫెడరల్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైనవి, ప్రభుత్వ కాంట్రాక్టు మీద ప్రైవేటు తయారీదారులు చేసి ఇచ్చినవి మొదటి శ్రేణి. రాష్ట్రాల మిలీషియాల (స్థానిక పౌర సైనిక దళాల) కోసం చేసినవి, సైనికాధికారులు సొంతంగా కొనుక్కున్నవి రెండో శ్రేణి. రిచ్‌మండ్‌లోని వర్జీనియా రాష్ట్ర కర్మాగారంలో చేసిన పిస్తోళ్లు రెండో శ్రేణిలోకి వస్తాయి. శ్రేణి రెండోది కాబట్టి తక్కువవి అనుకోవద్దు. వర్జీనియా పిస్తోలు బరువు, దాని పొడవాటి గొట్టం చూస్తే నా మాటలో నిజం తెలుస్తుంది.

ఇంకా వెనక్కి, స్వాతంత్ర్య యుద్ధ కాలానికి వెళితే వర్జీనియాలోని ఫాల్మత్ దగ్గర జేమ్స్ హంటర్ నడిపిన ర్యాపహానక్ ఫోర్జ్ అనే ఇనుప కర్మాగారం ఉంది. బ్రిటిష్ అశ్వదళ పిస్తోలు నమూనాలో అక్కడ పిస్తోళ్లు చేశారు. లాక్ మీద ఆ ఫోర్జ్ పేరున్నవి మిగిలింది వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. వాటిని మనం మ్యూజియం అద్దం ఇవతల నుంచి చూడటమే.

ఏయే నమూనాలు తెలుసుకోవాలి?

అన్నిటికంటే మొదటిది నార్త్ అండ్ చెనీ పిస్తోలు, మోడల్ 1799. కనెటికట్ రాష్ట్రంలోని బెర్లిన్ ఊరివాడు సిమియన్ నార్త్. అంతకుముందు గడ్డి కోసే కొడవళ్లు చేసేవాడు. అతని తోబుట్టువు భర్త ఎలీషా చెనీ గడియారాల పనివాడు. 1799 మార్చిలో వీరికి 500 పిస్తోళ్ల కాంట్రాక్టు వచ్చింది, మరుసటి ఏడాది ఇంకో 1,500. అప్పట్లో అమెరికా, ఫ్రాన్స్ నౌకలు సముద్రం మీద ఒకదాన్నొకటి వేటాడుతున్నాయి. అయినా నార్త్ అనుసరించిన నమూనా ఫ్రెంచి సైన్యపు 1777 పిస్తోలే. లాక్ మొత్తం ఇత్తడి చట్రంలో ఇమిడి ఉంటుంది, గొట్టం కింద చెక్క అసలే ఉండదు. ఫ్రెంచి దానికంటే గొట్టం ఒక అంగుళం పొడవు, ఎనిమిదిన్నర అంగుళాలు. గొట్టం లోపలి వ్యాసం 0.69 అంగుళం. చట్రం అడుగున తయారీదారుల పేర్లు, బెర్లిన్ అన్న ఊరి పేరు చెక్కి ఉంటాయి. చేసిన 2,000లో మిగిలినవి చాలా తక్కువ.

తర్వాత వచ్చే హార్పర్స్ ఫెర్రీ పిస్తోలుకు విడిగా ప్రశ్న పెట్టాను, దానికి ఆ గౌరవం ఉండాలి.

1808లో నౌకాదళం కోసం నార్త్ చేసినవాటికి ఎడమ పక్కన నడుము బెల్టుకు తగిలించుకునే ఇనుప కొక్కెం ఉంటుంది. ఓడ తాళ్లు ఎక్కేవాడికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. 1811 నాటి సైనిక నమూనా కూడా అతనిదే.

1813 నమూనా దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో నార్త్‌తో 20,000 పిస్తోళ్లకు, ఒక్కోటి 7 డాలర్ల చొప్పున కాంట్రాక్టు కుదిరింది. అందులో ఒక షరతు ఉంది: ఏ పిస్తోలు భాగమైనా మిగతా 20,000లో దేనికైనా సరిపోవాలి. అప్పటిదాకా ప్రతి మరనూ ప్రతి స్ప్రింగునూ ఆకురాయితో రుద్ది దాని పిస్తోలుకే సరిపెట్టేవారు. యుద్ధరంగంలో ఒక స్ప్రింగు విరిగితే ఆ పిస్తోలు ఇక కమ్మరి కొలిమికి పోవాల్సిందే. నార్త్ దీనికోసం మిడిల్‌టౌన్‌లో కొత్త కర్మాగారం కట్టాడు. ఒకే అచ్చులో విడిభాగాలు చేయడమనే ఆలోచన అమెరికా పరిశ్రమకు పునాది అయింది. ఆ ప్రయోగం సాగుతున్న రోజుల వస్తువు మన అరచేతిలో ఇమడటం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఈ కాంట్రాక్టు నడుస్తుండగానే వ్యాసాన్ని 0.69 నుంచి 0.54 అంగుళానికి తగ్గించారు. అలా మారినవాటినే ఇప్పుడు మోడల్ 1816 అంటున్నాం. అందుకే 1816 నమూనా తరచుగా దొరుకుతుంది, 1813 అరుదు.

1819 నమూనాలో కాక్ వెనక జరిపే చిన్న భద్రతా బోల్టు ఉంటుంది. మందు కూరే కడ్డీ గొట్టానికే తిరిగే లంకెతో అతుక్కుని ఉంటుంది, గుర్రం మీది సైనికుడి చేతిలోంచి జారి కిందపడదు. 1826లో నౌకాదళానికి పొట్టి రకం వచ్చింది. చివరిది 1836 నమూనా. మిడిల్‌టౌన్‌లో రాబర్ట్ జాన్సన్, మసాచుసెట్స్‌లోని మిల్‌బరీలో ఏసా వాటర్స్ చేశారు. పనితనంలో చెకుముకి పిస్తోళ్లన్నిటికీ ఇదే శిఖరం అని నా అభిప్రాయం. 1846లో మెక్సికోతో యుద్ధం వచ్చేనాటికి క్యాపుతో (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీతో) పేలే పిస్తోళ్లు వచ్చేసినా, ఇవి ఇంకా సైనికుల చేతుల్లోనే ఉన్నాయి.

హార్పర్స్ ఫెర్రీ మోడల్ 1805 ఎందుకంత ప్రత్యేకం?

ప్రభుత్వ సొంత ఆయుధ కర్మాగారంలో తయారైన మొదటి పిస్తోలు అదే. యుద్ధ మంత్రి హెన్రీ డియర్‌బోర్న్ 1805 చివర్లో చేయమని ఆదేశించాడు. పోటోమాక్, షెనాండోవా నదులు కలిసే చోట ఉన్న హార్పర్స్ ఫెర్రీలో నీటి బలంతో నడిచే కర్మాగారం అది. అదే కర్మాగారపు 1803 రైఫిల్ పోలికలు ఈ పిస్తోలులో కనిపిస్తాయి. చెక్క భాగం గొట్టంలో సగం దాకానే వచ్చి ఆగుతుంది, అక్కడి నుంచి గొట్టం అడుగున ఇనుప పట్టీ ఉంటుంది. పది అంగుళాల గుండ్రటి గొట్టం, ఇత్తడి తొడుగులు, వాల్‌నట్ పిడి. లాక్ మీద రెక్కలు విప్పిన గద్ద, దాని కింద యు.ఎస్. అక్షరాలు. కాక్ వెనక హార్పర్స్ ఫెర్రీ పేరు, సంవత్సరం.

మొత్తం చేసినవి 4,096. లెక్కల ప్రకారం 1806లో ఎనిమిది, 1807లో 2,880, 1808లో 1,208. జంటలుగా ఇచ్చారు కాబట్టి ఒక జంటలోని రెండు పిస్తోళ్లకూ ఒకే అంకె వేశారు. గుర్రపు జీను ముందు రెండు పక్కలా ఒక్కోటి వేలాడేవి. రెండు వందల ఏళ్ల తర్వాత ఒకే అంకె ఉన్న రెండూ ఒకే చోట దొరకడం ఏ సేకర్తకైనా జీవితకాలపు అదృష్టం.

ఒక జాగ్రత్త: లాక్ మీద 1805 అని తేదీ ఉంటే అది ఈ కర్మాగారంలో పుట్టింది కాదు. నమూనా పేరులో 1805 ఉన్నా, లాకుల మీద 1806, 1807, 1808 మాత్రమే ఉంటాయి. 1806 కనిపించినా సంతోషపడే ముందు అనుమానించండి. ఎనిమిదిలో ఒకటి మీ ముందుకు వచ్చిందని నమ్మడానికి చాలా గట్టి ఆధారాలు కావాలి.

ఈ పిస్తోలు బొమ్మను మీరు ఇప్పటికే చూసి ఉండవచ్చు. అమెరికా సైనిక పోలీసు విభాగం చిహ్నంలోని అడ్డంగా పెట్టిన రెండు పిస్తోళ్లు ఇవే. 1920లలో ఆ చిహ్నం ఖరారైంది.

ఇవి ఇంత అరుదుగా ఎందుకు మిగిలాయి?

చేసిందే వేలల్లో. వాడినవి విరిగాయి, పోయాయి. క్యాప్ పద్ధతి వచ్చాక మంచివాటిని దానికి మార్చారు, చెడ్డవాటిని పాత సామానుగా అమ్మేశారు. 1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలవుతుండగా హార్పర్స్ ఫెర్రీ నుంచి వెనక్కి వెళుతున్న ఫెడరల్ సైనికులు అక్కడి ఆయుధాగారానికి నిప్పు పెట్టారు. ఆ యుద్ధంలో ఆయుధాల కొరత వల్ల దక్షిణాది వారు అటకమీది చెకుముకి తుపాకుల్ని కూడా దించి మార్చి వాడారు. ఇన్ని గండాలు దాటి మొదటి రూపంలోనే నిలిచిన పిస్తోలు కాబట్టే దానికి ఆ ధర.

‘తిరిగి మార్చినది’ అని అమ్మకందారులు రాస్తారు. అంటే ఏమిటి? అంత ముఖ్యమా?

ఈ అభిరుచిలో దీనికి మించిన ప్రశ్న లేదు.

1840, 50లలో వేల చెకుముకి పిస్తోళ్లను క్యాప్ పద్ధతికి మార్చారు. ఫ్రిజెన్, పాన్ తీసేసి, కాక్ స్థానంలో సుత్తి పెట్టారు. నిప్పు రంధ్రాన్ని పెద్దది చేసి గుండ్రటి ఇనుప ముక్క బిగించి దానిలో నిప్పిల్ (క్యాపును తొడిగే చిన్న బోలు మొన) పెట్టడం ఒక పద్ధతి. ఆ ముక్కను డ్రమ్ అంటారు. పాత రంధ్రాన్ని పూడ్చి, గొట్టం పైనే నిప్పిల్ బిగించడం మరో పద్ధతి. ఆ రోజుల్లో జరిగిన మార్పు కూడా చరిత్రే. అలాంటి పిస్తోలును చిన్నచూపు చూడవద్దు.

ఇరవయ్యో శతాబ్దంలో సేకర్తలు పెరిగాక, చెకుముకి రూపానికి ఎక్కువ ధర పలుకుతోందని చాలామంది ఆ మార్పును చెరిపేసి కొత్త భాగాలతో మళ్లీ చెకుముకిగా చేశారు. ఇదే తిరుగు మార్పు. చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అసలు రూపం అని అమ్మితే మీరు రెండింతలు, మూడింతలు డబ్బు పోగొట్టుకుంటారు.

ఎలా కనిపెట్టాలి? భూతద్దం, చిన్న టార్చి తీసుకుని నిప్పు రంధ్రం దగ్గర మొదలుపెట్టండి. నిజంగా వాడిన చెకుముకి పిస్తోలులో రంజకం మంటకు ఆ రంధ్రం చుట్టూ ఇనుము సన్నని గుంటలు పడి ఉంటుంది. రంధ్రం అంచు కాస్త అరిగి, గుండ్రతనం పోయి ఉంటుంది. చుట్టూ గరుకుగా ఉండి రంధ్రం మాత్రం నున్నగా, వృత్తలేఖినితో గీసినట్టు ఉంటే అది ఈ మధ్య పెట్టిన కొత్త రంధ్రం కావచ్చు. ఆ రంధ్రం చుట్టూ ఇంకో పెద్ద వలయం జాడ లీలగా కనిపిస్తే, ఒకప్పుడు డ్రమ్ కూర్చున్న చోటు అదే.

తర్వాత లాక్ ప్లేటు (లాక్ బిగించిన ఇనుప పలక) పై అంచు చూడండి. డ్రమ్ కోసం అక్కడ అర్ధచంద్రాకారంలో గాడి కోస్తారు. తిరిగి మార్చేవారు దాన్ని వెల్డింగుతో పూడుస్తారు. వెల్డింగు చేసిన ఇనుము చుట్టూ ఉన్న ఇనుముతో రంగు కలవదు. పక్క వెలుతురులో పిస్తోలును మెల్లగా తిప్పండి, ఆ అతుకు ఒక్క కోణంలో బయటపడుతుంది. ఫ్రిజెన్ స్ప్రింగు మరల రంధ్రాలు పూడ్చి మళ్లీ తొలిచారేమో ప్లేటు లోపలి వైపు నుంచి చూడాలి. బయటి వైపు నునుపు చేయడం తేలిక, లోపలి వైపు చాలామంది పట్టించుకోరు. అందుకే అమ్మేవారు లాక్ విప్పి చూపించడానికి ఒప్పుకోకపోతే నేను ఆ బేరం వదిలేస్తాను, వస్తువు ఎంత ఊరించినా సరే.

చివరగా అరుగుదల కథ ఒకటిగా ఉందో లేదో చూడండి. ప్లేటు తుప్పు గుంటలతో ఉండి, కాక్ మాత్రం పదునైన అంచులతో ఉంటే అవి రెండూ కలిసి ముసలివైనవి కావు.

నకిలీలు ఎక్కువగా ఏ రకంలో వస్తాయి?

నార్త్ అండ్ చెనీలో. కారణం తెలిసిందే: ఫ్రెంచి 1777 పిస్తోలు దాదాపు అదే రూపంలో ఉండి, ఎంతో తక్కువ ధరకు దొరుకుతుంది. చట్రం మీది ఫ్రెంచి ముద్రలు గీకేసి అడుగున బెర్లిన్ అని చెక్కడం మోసగాడికి పెద్ద పని కాదు. గొట్టం పొడవు కొలవండి, ఇత్తడి చట్రం మందం అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి, అక్షరాల లోతు గమనించండి. ఆ తర్వాత కూడా, ఈ ఒక్క నమూనా విషయంలో మాత్రం నిపుణుడి రాతపూర్వక అభిప్రాయం లేకుండా కొనవద్దు.

హార్పర్స్ ఫెర్రీకి ఇటలీలో చేసిన ఆధునిక నమూనాలు చాలా ఉన్నాయి. కాల్చే సరదా కోసం చేసినవి, వాటిలో మోసం లేదు. వాటి గొట్టం మీద ఇటలీ పరీక్షా కేంద్రపు ముద్రలు, నల్ల తుపాకీ మందుకు మాత్రమే అని చెప్పే పి.ఎన్. అక్షరాలు ఉంటాయి. కొందరు ఆ ముద్రల్ని అరగదీసి, ఆమ్లంతో పాతబరిచి అమ్ముతారు. అరగదీసిన చోట గొట్టం గుండ్రతనం తగ్గి చదునుగా ఉంటుంది. వేలు పెట్టి రాస్తే కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది.

పిస్తోలు మీది ముద్రలు ఏమి చెబుతాయి?

తయారీదారు పేరు, ఊరు, యు.ఎస్., కొన్ని నమూనాల్లో సంవత్సరం లాక్ మీద ఉంటాయి. గొట్టం మీద పరీక్ష నెగ్గినట్టు పి అక్షరం, కొన్నింటి మీద గద్ద తల. పిడికి ఎడమవైపు చెక్కలో తనిఖీ అధికారి పొడి అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. నార్త్ పిస్తోళ్ల మీద తరచుగా కనిపించే ఎల్.ఎస్. అనేవి ల్యూథర్ సేజ్ అనే తనిఖీ అధికారి అక్షరాలు.

చెక్క మీది ఈ అచ్చు నాకు అన్నిటికంటే ప్రియమైనది. ఇనుము మీది ముద్ర తుప్పును తట్టుకుంటుంది కానీ, చెక్క మీది అచ్చును ఒక్క ఇసుక కాగితం ముక్క చెరిపేస్తుంది. అది ఇప్పటికీ పదునుగా ఉందంటే ఆ పిడిని ఎవరూ రుద్దలేదని అర్థం. కొనేముందు అమ్మకందారును అడిగి, పక్క వెలుతురులో ఈ చోటు ఫోటో తెప్పించుకోండి.

ధరలు ఎలా ఉంటాయి?

1836, 1816, 1819 నమూనాలు మధ్యస్థ స్థితిలో ఉంటే మామూలు ఉద్యోగి కొంతకాలం పొదుపు చేసి కొనగలిగే ధరలో ఉంటాయి. క్యాపుకు మార్చినవి ఇంకా చవక. హార్పర్స్ ఫెర్రీ అసలు రూపంలో ఉంటే వేల డాలర్ల బేరం. నార్త్ అండ్ చెనీ అయితే పదుల వేలు.

ఎవరి చేతిలో ఉండేదో రుజువైతే లెక్క పూర్తిగా వేరు. ఫ్రెంచి సేనాని లఫాయెట్ జార్జి వాషింగ్టన్‌కు కానుకగా ఇచ్చిన జీను పిస్తోళ్ల జంట 2002లో క్రిస్టీస్ వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. వాటిని చేసింది అమెరికాలో కాదు, యూరప్‌లో. ఆ తర్వాత ఆండ్రూ జాక్సన్ చేతికి కూడా వెళ్లాయి. ఇప్పుడు పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ లిగొనియర్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ డబ్బు తెచ్చింది ఇనుము కాదు, చేతులు మారిన ప్రతిసారీ నిలిచిన కాగితాలు. ‘ఇది ఫలానా జనరల్‌దని మా కుటుంబంలో చెప్పుకుంటారు’ అన్న మాటకు మాత్రం ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వవద్దు.

ఎక్కడ కొనాలి?

పాత ఆయుధాల ప్రత్యేక ప్రదర్శనల్లో, పేరున్న వేలం సంస్థల దగ్గర, తిరిగి తీసుకుంటామని రాసిచ్చే వ్యాపారుల దగ్గర. మేరీల్యాండ్‌లోని టిమోనియంలో వసంతకాలంలో జరిగే బాల్టిమోర్ పాత ఆయుధాల ప్రదర్శనకు కనీసం ఒకసారి వెళ్లండి. ఏమీ కొనకపోయినా ఫరవాలేదు. బల్ల మీది వస్తువును ముట్టుకునేముందు యజమానిని అడగాలి, కాక్‌ను ఎత్తి వదలకూడదు. ఈ రెండు మర్యాదలు పాటిస్తే అక్కడి పెద్దవారు లాక్ విప్పి మరీ నేర్పిస్తారు.

వేలంలో కొంటే పాట ధర మీద సంస్థ రుసుము అదనంగా ఉంటుందని మరిచిపోవద్దు. ముందే మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసుకోండి. అమెరికన్ సొసైటీ ఆఫ్ ఆర్మ్స్ కలెక్టర్స్ పాత సంచికల్లోని వ్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. డబ్బు ఖర్చు పెట్టేముందు వాటిమీద కొన్ని సాయంత్రాలు ఖర్చు పెట్టడం మేలు.

మొదటి పిస్తోలుగా ఏది కొనమంటారు?

వాటర్స్ లేదా జాన్సన్ చేసిన 1836 నమూనా, అసలు చెకుముకి రూపంలో, ఎవరూ తోమనిది. అదే డబ్బుకు మెరుగు పెట్టిన 1816 చూపిస్తారు, లొంగవద్దు. నల్లబడిన ఇనుము, మట్టిరంగు తేలిన ఇత్తడి, అంచులు అరిగిన చెక్క ఉన్న ఒక నిజాయితీ గల పిస్తోలు మీ దగ్గరుంటే, ఆ తర్వాత చూసే ప్రతిదాన్నీ దానితో పోల్చుకోవచ్చు.

ఇంటికి తెచ్చిన వెంటనే ఏమి చేయాలి?

లోపల మందు, గుండు లేవని నిర్ధారించుకోండి. రెండు వందల ఏళ్ల పిస్తోలు కదా అనుకోవద్దు, పొడిగా ఉన్న నల్ల తుపాకీ మందు ఎన్నాళ్లైనా పేలగలదు. గొట్టంలోకి సన్నని చెక్క పుల్లను అడుగు తగిలేదాకా నెమ్మదిగా పోనివ్వండి, మీ శరీరం గొట్టం ఎదుట ఉండకూడదు. గొట్టం మూతి దగ్గర పుల్ల మీద పెన్సిలుతో గీత పెట్టండి. పుల్లను బయటికి తీసి, గీత గొట్టం మూతికి సరిపోయేలా గొట్టం పక్కనే పెట్టండి. పుల్ల కొన నిప్పు రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. అంగుళమో, ఇంకా ఎక్కువో ఇవతలే ఆగిందంటే లోపల ఏదో ఉంది. అప్పుడు దాన్ని మీరు కెలకవద్దు, పాత తుపాకుల పని తెలిసిన నిపుణుడికి అప్పగించండి.

ఎలా శుభ్రం చేయాలి?

వీలైనంత తక్కువగా. ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఉంటే పలచని నూనె రాసి, కొన్ని రోజులు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడవండి. గోధుమరంగులో గట్టిపడిన పొర పాడుచేసే తుప్పు కాదు, పిస్తోలు వయసు, దాన్ని తాకవద్దు. ఇత్తడిని పూజ సామాను తోమినట్టు తోమవద్దు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి దాని దగ్గరికి రానివ్వవద్దు. ఒక్క పూటలో పోయిన ఆ రంగు మన జీవితకాలంలో తిరిగి రాదు. పిడికి వార్నిష్ వేయవద్దు. మ్యూజియంలు వాడే సూక్ష్మస్ఫటిక మైనం చాలా పలచగా పూస్తే లోహానికీ చెక్కకూ సరిపోతుంది.

ముట్టుకునేటప్పుడు నూలు చేతి తొడుగులు వేసుకోండి, చేతి చెమటలోని ఉప్పు ఇనుము మీద వేలిముద్రల్నే తుప్పుగా మిగులుస్తుంది. తోలు ఒరలో దాచవద్దు, తోలులోని ఆమ్లాలు ఇత్తడినీ ఇనుమునూ తింటాయి. తేమ మారుతూ ఉండే బేస్‌మెంటు, అటక రెండూ పనికిరావు.

కాల్చి చూడవచ్చా?

వద్దు. కాల్చే సరదా ఉంటే ఆధునిక నమూనా కొనండి. విరిగిన అసలు స్ప్రింగుకు బదులు ఇంకో అసలు స్ప్రింగు దొరకదు.

అమెరికాలో లైసెన్సు కావాలా? హెచ్1బీ వీసాతో ఉన్నవారు కొనవచ్చా?

1968 నాటి ఫెడరల్ ఆయుధ నియంత్రణ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకులు పురావస్తువులు. చెకుముకి పిస్తోళ్లు ఆ నిర్వచనంలోకి వస్తాయి. ఫెడరల్ చట్టం దృష్టిలో అవి సాధారణ తుపాకులు కావు కాబట్టి లైసెన్సున్న దుకాణం ద్వారానే కొనాలన్న నిబంధన వర్తించదు.

హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకులు ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, కొన్ని మినహాయింపులున్నాయి. పురావస్తు తుపాకీ ఆ నిషేధపు నిర్వచనంలోకి రాదు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ, న్యూయార్క్ వంటి చోట్ల మనవాళ్లు ఎక్కువ, చట్టాలూ కఠినం. వీసా, గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఉన్నవారు డబ్బు కట్టకముందే న్యాయవాదిని అడగండి. ఒక పిస్తోలు కోసం కుటుంబం మొత్తం భవిష్యత్తును పందెం పెట్టకూడదు. మందు, గుండ్ల జోలికి అసలే వెళ్లవద్దు.

ఇండియాకు తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవద్దనే నా సలహా. 1959 ఆయుధాల చట్టంలో పురావస్తు విలువ ఉన్న ఆయుధాలకు ఒక మినహాయింపు ఉంది. అయితే, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానివాటికే అది వర్తిస్తుంది. మంచి స్థితిలో ఉన్న చెకుముకి పిస్తోలు పనికిరానిదని కస్టమ్స్ అధికారిని ఒప్పించడం కష్టం. పైగా వందేళ్లు దాటిన వస్తువులకు దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. దాని ప్రకారం ప్రైవేటు వ్యక్తులు పురావస్తువులను దేశం బయటికి పంపకూడదు. లోపలికి వెళ్లినది మళ్లీ బయటికి రావడం కూడా చిక్కే.

మా ఊళ్లో తాతల నాటి చెకుముకి పిస్తోలు ఉంది. అది అమెరికాది కావచ్చా?

దాదాపు కాదనే చెప్పాలి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో మిగిలిన పాత చెకుముకి ఆయుధాల్లో ఎక్కువ భాగం ఈస్టిండియా కంపెనీ సైన్యాలకు వచ్చినవో, స్థానిక సంస్థానాల్లో చేసినవో. లాక్ ప్లేటు మీద గీతలతో నాలుగు భాగాలు చేసిన హృదయాకారం ఉంటే అది కంపెనీ గుర్తు. పందొమ్మిదో శతాబ్దపు కంపెనీ ఆయుధాల మీద దాని స్థానంలో నిలబడిన సింహం కనిపిస్తుంది. హైదరాబాద్‌లో నిజాం సైన్యానికి ఫ్రెంచి అధికారి రేమాన్ శిక్షణ ఇచ్చిన కాలం కూడా నార్త్ అండ్ చెనీ కాలానికి కాస్త ముందుదే, కాబట్టి ఫ్రెంచి వస్తువు కూడా కావచ్చు. అమెరికాది కాకపోయినంత మాత్రాన అది చిన్నది కాదు, మీ ఊరి చరిత్రకు అదే దగ్గర. దాన్ని తోమకుండా, ముందుగా లైసెన్సు విషయం జిల్లా అధికారులతో తేల్చుకోండి.

నిజమైనవి కళ్లారా ఎక్కడ చూడవచ్చు?

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చారిత్రక స్థలం, వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ జాతీయ ఉద్యానం, వయోమింగ్‌లోని కోడీ ఆయుధ మ్యూజియం, వెస్ట్ పాయింట్ మ్యూజియం. వాషింగ్టన్ దగ్గరున్నవారికి వర్జీనియా ఫెయిర్‌ఫ్యాక్స్‌లోని జాతీయ తుపాకుల మ్యూజియం కారులో కాసేపటి దారి. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది చూడండి. అమెరికా పిస్తోళ్ల కోసం కాదు, అదే కాలంలో మన నేల మీద ఎలాంటి ఆయుధాలు ఉండేవో పోల్చుకోవడం కోసం.

సేకరించినవాటి వివరాలు ఎలా రాసి ఉంచాలి?

ఒక్కో పిస్తోలుకు ఒక్కో ఫైలు పెట్టండి. కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు, అంతకుముందు ఎవరి దగ్గర ఉండేది, రసీదులు, నిపుణుల లేఖలు, ప్రతి ముద్ర ఫోటో అందులో ఉండాలి. ఏదైనా భాగం తర్వాత వేసినదని తేలితే అది కూడా స్పష్టంగా రాయండి, ధర తగ్గినా సరే. ఫైలు ఎక్కడుందో, వీటిలో ఏది విలువైనదో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. తెలియకపోతే రేపు వారసులు ఒక హార్పర్స్ ఫెర్రీని ఇంటి సామానుతో పాటు అమ్మేస్తారు, లేదా అమ్మేముందు బాగుంటుందని శుభ్రంగా తోమేస్తారు.